చలానా కట్టినా తీరని చిక్కు: సూరత్‌లో లైసెన్సుపై చర్యను సవాలు చేసే దారులు

సూరత్ రింగ్ రోడ్డులో సహారా దర్వాజా దగ్గర ఉదయం పది దాటితే బండ్ల మధ్య రోడ్డు కనిపించదు. మిల్లుల నుంచి తానుల మూటలు మోసుకొచ్చే టెంపోలు, మార్కెట్ గుమాస్తాల స్కూటర్లు, రైల్వే స్టేషను వైపు నుంచి వచ్చే ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతుంటాయి. వాటిలో ఒక టెంపో డ్రైవరు లింబాయత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడని అనుకుందాం. ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతూ అతడు ట్రాఫిక్ పోలీసుల కంటబడ్డాడు. అధికారి లైసెన్సు తీసుకుని ఒక రసీదు చేతిలో పెట్టాడు. సాయంత్రానికి బండి యజమాని జరిమానా ఆన్‌లైన్‌లో చెల్లించాడు. గొడవ తీరిందనుకున్న డ్రైవరు మర్నాడు యథాప్రకారం స్టీరింగు పట్టాడు.

ఇది విషయం వివరించడానికి ఊహించిన ఉదాహరణ. కానీ ఇందులో ఉన్న రెండు పొరపాట్లు మాత్రం నిత్యం జరిగేవే. జరిమానా కట్టినంత మాత్రాన వ్యవహారం ముగియలేదు. చేతిలో ఉన్న ఆ రసీదు బండి నడపడానికి అనుమతి పత్రం కూడా కాకపోవచ్చు. ఈ రెండు సంగతులూ తెలియకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలు మూడు నెలల సంపాదనను పోగొట్టుకునే ప్రమాదంలో పడుతున్నాయి. ఆటో మీద అప్పు వాయిదా ఉన్నవారికి, రోజు కూలికి టెంపో నడిపేవారికి మూడు నెలలంటే చిన్న గడువు కాదు.

పాయింట్లు అన్న మాట వెనుక

సూరత్‌లోని తెలుగువారిలో చాలామంది తెలంగాణ నుంచి, ముఖ్యంగా ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుతోందంటే ఈ జనసంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. స్వగ్రామాలతో రాకపోకలు తెగని ఈ కుటుంబాలకు లైసెన్సు మీద ‘పాయింట్లు పడటం’ అన్న మాట హైదరాబాదు నుంచి చేరింది.

తెలంగాణ ప్రభుత్వం 2017 ఆగస్టు 1 నుంచి పెనాల్టీ పాయింట్ల పద్ధతిని ప్రారంభించింది. హెల్మెట్టు గానీ సీటు బెల్టు గానీ లేకపోతే ఒక పాయింటు, ఎదురుదిశలో నడిపితే రెండు. మద్యం తాగి ద్విచక్ర వాహనం నడిపితే మూడు, కారు నడిపితే నాలుగు, ప్రయాణికులను చేరవేసే బస్సు లేదా క్యాబు నడిపితే ఐదు. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది పాటు సస్పెండవుతుంది. లెర్నర్ లైసెన్సు ఉన్నవారికి ఐదు పాయింట్లకే అది రద్దవుతుంది. ఈ లెక్క చాలామంది మనసుల్లో నాటుకుపోయింది. ఇంకా పన్నెండు కాలేదు కదా అన్న ధీమాతో గుజరాత్‌లో బండి నడిపేవారికి వచ్చే చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

దేశమంతటికీ వర్తించే మోటారు వాహనాల చట్టం, 1988లో పాయింట్ల పట్టిక అనేది లేదు. 2019 సవరణల తరువాత ఆ చట్టం అనుసరిస్తున్న దారి మరింత సూటిగా ఉంది. కొన్ని నిర్దిష్ట నేరాలకు, మొదటిసారి పట్టుబడినప్పుడే, లైసెన్సు తీసుకుని లైసెన్సు అధికారికి పంపే వీలును అది కల్పించింది. అంటే పాయింట్లు కూడబెట్టి హెచ్చరించే మెట్లు ఇందులో లేవు. తప్పు ఒకటే అయినా మూడు నెలలు పోవచ్చు.

పాయింట్ల పద్ధతికి పేరుపడిన బ్రిటన్‌లో మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే సాధారణంగా కనీసం ఆరు నెలల నిషేధం పడుతుంది. అక్కడ కూడా జరిమానా నోటీసును అంగీకరించి సొమ్ము కట్టినవారికి పాయింట్లు వాటంతటవే పడతాయి. వాటిని కాదనాలంటే జరిమానా కట్టకుండా కోర్టు విచారణ కోరాలి. తన జీవనోపాధి, తన మీద ఆధారపడినవారి బతుకు అసాధారణంగా దెబ్బతింటాయని మేజిస్ట్రేటును ఒప్పించగలిగితే నిషేధం తప్పించుకునే వెసులుబాటు ఉంది. భారత చట్టంలో అలాంటి మాట రాసి లేదు. అయితే ఇక్కడ కూడా ఉత్తర్వుకు ముందు చెప్పుకునే అవకాశం, ఉత్తర్వు తరువాత అప్పీలు చేసుకునే హక్కు రెండూ ఉన్నాయి. వాటిని వాడుకునేవారే తక్కువ.

జరిమానా వేరు, లైసెన్సు వేరు

ఈ వ్యవహారమంతటికీ కీలకం చట్టంలోని 200వ సెక్షనులో ఉంది. కోర్టుకు వెళ్లకుండా నిర్ణీత మొత్తం కట్టి నేరాన్ని రాజీ చేసుకునే వీలు కల్పించేది ఆ సెక్షనే. పోలీసు దగ్గరో పోర్టల్‌లోనో చలానా కట్టడమంటే ఇదే. 2019 సవరణ దీనికి రెండు షరతులు జోడించింది. రాజీ చేసుకున్నప్పటికీ, మళ్లీ అదే తప్పు చేస్తే అది రెండోసారి చేసినట్టుగానే లెక్కిస్తారు. 206వ సెక్షను నాలుగో ఉపవిభాగం కింద లైసెన్సుపై జరిగే చర్య నుంచి కూడా రాజీ వల్ల విముక్తి లభించదు. ‘కట్టేశాం కదా’ అన్న మాటకు చట్టం ముందుగానే జవాబు చెప్పి పెట్టిందన్నమాట.

గుజరాత్ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో అనేక జరిమానాలను తగ్గించింది. హెల్మెట్టు లేనందుకు కేంద్ర చట్టం 1,000 రూపాయలు చెబితే రాష్ట్రం 500 రూపాయలు చేసింది. అప్పట్లో వాహనదారులు సంతోషించారు. తగ్గినది సొమ్ము మాత్రమేనని, హెల్మెట్టు నేరానికి చట్టం చెప్పిన మూడు నెలల అనర్హత అలాగే ఉందని చాలామంది గమనించలేదు. 500 రూపాయలకు తీరిందనుకున్న తప్పు నిజానికి ఎంత ఖరీదైనదో ఆర్టీవో నోటీసు వచ్చినప్పుడు గానీ తెలియదు.

ఏ సెక్షను రాశారో చూడాలి

206(4) కింద లైసెన్సు తీసుకుని లైసెన్సు అధికారికి పంపదగిన నేరాలు పరిమితమే. అతివేగం 183వ సెక్షను కిందికి వస్తుంది. ప్రమాదకరంగా నడపడం 184. మద్యం లేదా మత్తు పదార్థం తీసుకుని నడపడం 185. రోడ్డు మీద పందేలు 189. సురక్షితం కాని వాహనాన్ని నడపడం 190. వీటికి తోడు ద్విచక్ర వాహనంపై ఇద్దరికి మించి ఎక్కడం, హెల్మెట్టు లేకపోవడం, అంబులెన్సు వంటి అత్యవసర వాహనాలకు దారి ఇవ్వకపోవడం. 184వ సెక్షనుకు 2019లో చేర్చిన వివరణ ప్రకారం ఎర్ర దీపాన్ని దాటడం, నడుపుతూ చేత్తో ఫోను వాడటం, ఎదురుదిశలో వెళ్లడం కూడా ప్రమాదకరమైన డ్రైవింగే.

కాబట్టి చలానా అందగానే మొదట చూడవలసింది జరిమానా మొత్తం కాదు, సెక్షను సంఖ్య. సాధారణ ఉల్లంఘనలకు ఉద్దేశించిన 177వ సెక్షను ఈ జాబితాలో లేదు. ఎర్ర దీపం పడినప్పుడు ఆగీ ఆగని బండి ముందు చక్రం గీత దాటి నిలిస్తే అది సిగ్నల్ దాటడమా, లేక గీత దగ్గర నిబంధన పాటించకపోవడమా అన్నది చిన్న భేదంలా కనిపిస్తుంది. అది 184 అయితే లైసెన్సుకే ముప్పు. 177 అయితే జరిమానాతో సరి. ఫొటోలో కనిపించే దృశ్యానికి, రాసిన సెక్షనుకు పొంతన లేకపోతే అదే మొదటి అభ్యంతరం కావచ్చు.

2024లో సూరత్ నగర పోలీసులు సిగ్నళ్ల దగ్గర క్రమశిక్షణ కోసం ముమ్మరంగా చర్యలు చేపట్టారు. గీత వెనుక వరుసగా ఆగిన వాహనాల దృశ్యాలు అప్పుడు దేశమంతటా చర్చకు వచ్చాయి. పదే పదే ఉల్లంఘించినవారి లైసెన్సులపై చర్య తీసుకోవాలని పోలీసులు ఆర్టీవోకు సిఫార్సులు పంపడం కూడా ఆ కాలంలో పెరిగింది. కూడళ్లలో ప్రాణాలు పోతున్న నగరంలో ఈ కట్టడిని తప్పుపట్టడానికి లేదు. సిఫార్సు మాత్రం సిఫార్సే, శిక్ష కాదు.

ఇది కేవలం మాటల తేడా కాదని న్యాయస్థానాలు చెప్పాయి. కలకత్తా హైకోర్టు 2022లో ఇచ్చిన తీర్పులో, అతివేగం కేసులో ట్రాఫిక్ పోలీసు అధికారి తానే లైసెన్సును సస్పెండ్ చేయడం చెల్లదని పేర్కొంది. లైసెన్సు తీసుకుని పంపడం వరకే పోలీసుల అధికారమని, అనర్హత విధించే అధికారం చట్టం ప్రకారం లైసెన్సు అధికారిదేనని వివరించింది. ఆ తీర్పు గుజరాత్‌లో నేరుగా కట్టుబడవలసినది కాకపోయినా, అది వ్యాఖ్యానించింది దేశమంతటికీ ఒకటే అయిన చట్టాన్ని. కనుక వాదనలో ప్రస్తావించదగినదే.

ఇక రసీదు సంగతి. అదే 206వ సెక్షను కింద పోలీసు అధికారి ఇచ్చే రసీదులు రెండు రకాలు. పిలిచినప్పుడు కోర్టుకు రాకుండా తప్పించుకోవచ్చన్న అనుమానంతో లైసెన్సు తీసుకుని కోర్టుకు పంపినప్పుడు ఇచ్చే తాత్కాలిక రసీదుతో, అందులో రాసిన తేదీ వరకు లేదా లైసెన్సు తిరిగి వచ్చే వరకు బండి నడపవచ్చు. నాలుగో ఉపవిభాగం కింద అనర్హత చర్య కోసం పంపినప్పుడు ఇచ్చే రసీదుతో నడపరాదు. పైకి రెండూ ఒకే రకం కాగితాల్లా ఉంటాయి. అందువల్ల ఏ ఉపవిభాగం కింద లైసెన్సు తీసుకున్నారో, ఏ కార్యాలయానికి పంపుతున్నారో అక్కడికక్కడే అడిగి రాయించుకోవాలి. అధికారి పేరు, హోదా కూడా రసీదులో ఉండటం తరువాత అవసరపడుతుంది.

కెమెరా పంపిన చలానా

పోలీసు చేయెత్తి ఆపినప్పుడు డ్రైవరు ఎవరన్నది స్పష్టం. కెమెరా చూసేది మాత్రం నంబరు పలకను. చలానా యజమాని పేరున, యజమాని ఫోనుకు వస్తుంది. లైసెన్సు డ్రైవరుది. సూరత్ వంటి నగరంలో బండి ఒకరిది, నడిపేది మరొకరు కావడం మామూలే కాబట్టి ఈ వ్యవస్థలో అన్యాయం జరిగే వీలున్న చోటు ఇదే. యజమాని పేచీ ఎందుకని చలానా కట్టేసి డ్రైవరు కూలిలో కోసుకుంటాడు. డ్రైవరు తన వాదన వినిపించే మొదటి అవకాశం అక్కడే పోతుంది.

133వ సెక్షను ప్రకారం, అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే ఆ సమయంలో బండి నడిపినది ఎవరో, అతని చిరునామా, లైసెన్సు వివరాలు ఏమిటో యజమాని చెప్పాలి. ఈ సెక్షను యజమానికి బాధ్యత, డ్రైవరుకు రక్షణ కూడా. ఆ రోజు బండిపై తాను లేనని డ్రైవరు చెప్పదలచుకుంటే హాజరు పట్టీ, లోడు దించిన రసీదు, ఫోనులో ఉన్న చెల్లింపుల సమయం వంటివి సాక్ష్యాలవుతాయి. ప్రతి ట్రిప్పుకూ డ్రైవరు పేరు, సమయం ఒక పుస్తకంలో రాసిపెట్టే అలవాటు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఉంటే సగం తగాదాలు మొదలే కావు.

కెమెరా చలానాకు సాక్ష్యం ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. 2021 ఆగస్టులో చేర్చిన 167ఎ నియమం ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా నిఘా ఉన్న రోడ్డులో ముందుగా హెచ్చరిక పలకలు పెట్టాలి. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఆ నోటీసుతో నేరాన్ని, నంబరు పలకను స్పష్టంగా చూపే ఫొటో, పరికరం నమోదు చేసిన కొలత, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షను ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం కోరే ధ్రువపత్రం కూడా జతపడాలి. వీటిలో ఏది లోపించినా అభ్యంతరం చెప్పవచ్చు. తప్పు చేయలేదని బుకాయించడం కంటే, సాక్ష్యం నియమాల ప్రకారం లేదని చూపడం బలమైన వాదన.

ఫొటోను పెద్దదిగా చేసి చూడటం వృథా శ్రమ కాదు. నంబరులో ఒక అంకెను కంప్యూటరు తప్పుగా చదివి ఉండవచ్చు. బండి రంగు, రకం వేరైతే ఎవరో నకిలీ పలకతో తిరుగుతున్నట్టే. అప్పుడు చలానాను కాదనడంతో పాటు పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయడం తప్పనిసరి. లేకపోతే ఇలాంటి చలానాలు వస్తూనే ఉంటాయి. వెనుక అంబులెన్సు వస్తే గీత దాటి పక్కకు తప్పుకున్నవారి ఫొటో కూడా కెమెరాకు నేరంగానే కనిపిస్తుంది. దారి ఇవ్వకపోవడమే నేరమని చెప్పే చట్టంలో, దారి ఇచ్చినందుకు శిక్షించడం కుదరదు. అయితే ఆ సమయానికి ముందువెనుకల వీడియో చూడాలని వాహనదారుడే అడగాలి. కేసు తేలే వరకు ఆ రికార్డును భద్రపరచాలని నియమం చెబుతోంది.

చలానాను కాదనడానికి వేదికలు రెండు. మొదటిది పరివాహన్ ఈ-చలానా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం. నంబరు తప్పుగా పడటం వంటి పొరపాట్లు అక్కడే సరిచేసుకునే వీలుంది. రెండోది కోర్టు. నిర్ణీత గడువులో కట్టని ఈ-చలానాలు వర్చువల్ కోర్టుకు చేరతాయి. గుజరాత్‌లో ఈ ట్రాఫిక్ వర్చువల్ కోర్టు అహ్మదాబాద్ కేంద్రంగా పనిచేస్తోంది. బండి నంబరుతోనో చలానా నంబరుతోనో కేసు తెరిస్తే రెండే దారులు కనిపిస్తాయి. జరిమానా కట్టడం ఒకటి, కేసును వ్యతిరేకించడం మరొకటి. వ్యతిరేకిస్తే కేసు మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది. సూరత్‌లో నమోదైనదైతే అఠ్వాలైన్స్‌లోని కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. ఒక పూట పని పోతుందన్న బెంగతో చాలామంది కట్టడం వైపే నొక్కుతారు. 177వ సెక్షను చలానాకైతే అది తెలివైన పనే. 184 అయితే ఒక పూటను మూడు నెలలతో పోల్చి చూసుకోవాలి.

లోక్ అదాలత్‌లో చలానాలు తీర్చుకునేవారు కూడా ఇది గుర్తుంచుకోవలసి ఉంది. అక్కడ తేలేది సొమ్ము లెక్క. లైసెన్సుపై చర్య అదే తీర్మానంతో ఆగిపోతుందని అనుకోవడానికి లేదు.

ఆర్టీవో ఎదుట

పోలీసుల నుంచి లైసెన్సు అందాక లైసెన్సు అధికారి 19వ సెక్షను కింద వ్యవహరిస్తారు. సూరత్ ఆర్టీవో కార్యాలయం పాల్ ప్రాంతంలో ఉంది. నోటీసు సాధారణంగా గుజరాతీలో ఉంటుంది. చదవడం రాక పక్కన పెట్టేయడం, పిల్లలు బడి నుంచి వచ్చాక చూద్దామనుకుని మరచిపోవడం వల్ల విచారణ తేదీ దాటిపోతుంది. ఆ తరువాత వెలువడే ఉత్తర్వు ఏకపక్షంగానే ఉంటుంది.

చట్టం చెప్పేది స్పష్టం. లైసెన్సుదారుకు చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాతే అధికారి నిర్ణయించాలి. ఆ నిర్ణయం రెండు విధాలుగా ఉండవచ్చు. చర్య లేకుండా విడిచిపెట్టవచ్చు, లేదా సవివరమైన కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేసి మొదటి నేరానికి మూడు నెలల అనర్హత విధించవచ్చు. రెండోసారి లేదా ఆ తరువాత జరిగిన నేరానికైతే లైసెన్సునే రద్దు చేయవచ్చు. విడిచిపెట్టే అధికారం ఉన్నదన్న సంగతి విచారణకు వెళ్లేవారిలో చాలామందికి తెలియదు. అక్కడికి వెళ్లి క్షమించమని చేతులు జోడించి వచ్చేస్తారు. క్షమాపణ రికార్డులో తప్పు ఒప్పుకున్నట్టుగా మాత్రమే మిగులుతుంది.

మాటలతో పాటు కాగితం ఇవ్వడం ముఖ్యం. జవాబు ఒక పేజీ మించనక్కరలేదు. చలానా నంబరు, తేదీ, రాసిన సెక్షను పేర్కొని, అభ్యంతరం ఏమిటో, దానికి ఆధారం ఏమిటో చెప్పాలి. సాక్ష్యాల నకళ్లు జతచేసి, రెండో ప్రతిపై కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఇంతకుముందు ఎలాంటి ఉల్లంఘన లేకపోతే ఆ మాట రాయాలి. అతివేగం, సిగ్నల్ దాటడం, మద్యం తాగి నడపడం, ఫోను వాడటం, సరుకు వాహనాల్లో అధిక బరువు, వాటిలో మనుషులను ఎక్కించడం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015 ఆగస్టులోనే రాష్ట్రాలను ఆదేశించింది. కనుక అధికారి మెత్తబడతారన్న ఆశతో కాక, వాస్తవాలతో వెళ్లాలి. జీవనోపాధి పోతుందన్న మాట చెప్పవచ్చు గానీ, ఒక్క ఆ మాట మీదే నిలబడితే ఫలితం ఉండకపోవచ్చు.

30 రోజుల లెక్క

ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే, అది చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకునే హక్కును 19వ సెక్షను మూడో ఉపవిభాగం ఇస్తోంది. ఎవరికి చేసుకోవాలన్నది రాష్ట్ర నియమాలు నిర్దేశిస్తాయి. ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయంలోనే అప్పీలు అధికారి హోదా, చిరునామా అడిగి తెలుసుకోవడం మేలు. గడువు లెక్క ఉత్తర్వు మీది తేదీ నుంచి కాక అందిన తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి, తపాలా ముద్ర ఉన్న కవరును పారేయకూడదు.

ఈ ఉపవిభాగంలో తేలికగా కంటికి ఆనని షరతు ఒకటి ఉంది. అప్పీలు అధికారి ఇరుపక్షాల వాదన వినాలి, అయితే ఆ పక్షం కోరినప్పుడు మాత్రమే. తనను స్వయంగా విచారించాలని అప్పీలులో ఒక వాక్యం రాయకపోతే కాగితాలు చూసి నిర్ణయించే వీలుంది. అప్పీలు వేసిన మాత్రాన అనర్హత ఆగిపోతుందని కూడా చట్టం చెప్పలేదు. మూడు నెలల శిక్షపై అప్పీలు నాలుగో నెలలో తేలితే గెలిచినా ప్రయోజనం లేదు. అందుకే అప్పీలు తేలే వరకు ఉత్తర్వు అమలును నిలిపివేయాలని అదే కాగితంలో విడిగా అభ్యర్థించాలి.

సమాచార హక్కు చట్టం కింద ఫొటోలు, పరికరం ధ్రువపత్రం అడగవచ్చు. కానీ ఆ చట్టం కింద జవాబుకు ఉన్న గడువు కూడా 30 రోజులే. జవాబు వచ్చాక అప్పీలు రాద్దామని ఆగితే అప్పీలు గడువు దాటిపోతుంది. దరఖాస్తు నోటీసు రాగానే పెట్టాలి. లేదా అందుబాటులో ఉన్న కాగితాలతో అప్పీలు వేసి, మిగిలినవి తరువాత సమర్పిస్తామని అందులో రాయాలి.

అప్పీలు అధికారి ఉత్తర్వే అంతిమమని చట్టం అంటోంది. ఆపైన రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించే దారి ఉంటుంది. వినకుండానే శిక్షించారనో, కారణాలు రాయలేదనో చూపగలిగిన కేసులకే అది తగినది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవల సంస్థను అడగవచ్చు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జాతీయ న్యాయ సేవల సంస్థ సహాయ నంబరు 15100.

సిరిసిల్ల చిరునామా, సూరత్ రోడ్డు

సూరత్‌లోని తెలుగు డ్రైవర్లలో ఊళ్లో తీసుకున్న లైసెన్సుతోనే నడిపేవారు ఉన్నారు. ఏ రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సు అయినా దేశమంతటా చెల్లుతుంది కాబట్టి అందులో తప్పు లేదు. చిక్కు చిరునామాతో వస్తుంది. నోటీసు లైసెన్సులో రాసి ఉన్న ఇంటికి వెళుతుంది. సిరిసిల్లలోనో జగిత్యాలలోనో తాళం వేసిన ఆ ఇంటి తలుపు కింద కాగితం పడి ఉంటే, సూరత్‌లో మనిషికి కబురు అందేసరికి విచారణ తేదీ గడిచిపోతుంది. ఇల్లు మారినవారు లైసెన్సులో చిరునామా, దానికి జోడించిన ఫోను నంబరు మార్పించుకోవడం ఈ ఒక్క కారణానికైనా అవసరం. బండి అమ్మినవారు ఆ సంగతిని రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయకపోతే, కొన్నవాడు చేసే ఉల్లంఘనలన్నీ పాత యజమాని ఫోనుకే వస్తాయి. రాష్ట్రంలోపలే అమ్మినట్టయితే 14 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షను చెబుతోంది.

వేరే రాష్ట్రపు లైసెన్సును పోలీసులు తీసుకున్నప్పుడు దాన్ని సూరత్ ఆర్టీవోకు పంపుతున్నారా, జారీ చేసిన కార్యాలయానికా అన్నది రసీదులోనే రాయించుకోవడం రెండింతలు అవసరం. లేకపోతే లైసెన్సు కోసం రెండు రాష్ట్రాల కార్యాలయాల మధ్య తిరగవలసి వస్తుంది. తెలంగాణ చాలాకాలం జాతీయ సారథి వ్యవస్థలో కాక సొంత కంప్యూటర్ వ్యవస్థలో లైసెన్సుల రికార్డులు నడిపింది. అందువల్ల పాత లైసెన్సుల వివరాలు గుజరాత్ అధికారుల తెరపై వెంటనే కనిపించలేదంటే ఆశ్చర్యం లేదు. లైసెన్సు నకలు, వీలైతే డిజీలాకర్‌లోని ప్రతి, దగ్గర ఉంచుకుంటే ఈ తిప్పలు కొంత తగ్గుతాయి.

అనర్హత అమలులో ఉన్నంతకాలం బండి నడపడం మరో నేరం. 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సమయంలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధ్యత తనది కాదని వాదించే వీలు కూడా చట్టంలో ఉంది. బండి యజమాని సైతం చిక్కుల్లో పడతాడు. గడువు ముగిసిన రోజున లైసెన్సు దానంతటదే చేతికి రాదు. 2019 సవరణ ప్రకారం డ్రైవరు పునశ్చరణ శిక్షణ పూర్తిచేసిన తరువాతే దాన్ని తిరిగి ఇస్తారు. మూడో నెల చివరి వరకు ఆగకుండా, ఆ శిక్షణ ఎక్కడ ఇస్తున్నారో, ఎన్ని రోజులో ఉత్తర్వు అందిన వారంలోనే ఆర్టీవో కార్యాలయంలో కనుక్కుంటే లైసెన్సు గడువు తీరిన వెంటనే చేతికొస్తుంది.